పెద్దనాయన, పంట రుణాలు
మా పెద్దనాయన దేవరకొండ దగ్గర ఒక చిన్న బ్రాంచిలో మేనేజర్‌గా రిటైరయ్యాడు. 2018 మేలో రైతుబంధు చెక్కులు (ఎకరాకు 4,000) వచ్చినప్పుడు బ్యాంకు ముందు పొద్దున్నే క్యూ. టెంటు వేయించి, కుండల్లో నీళ్లు పెట్టించాడు. చదువురానివాళ్లకు ఫారాలు తనే నింపేవాడు.

ఆయనకు ఒకటే పిచ్చి, పంట రుణం గడువులోపు కట్టించడం. 3 లక్షల వరకు వడ్డీ 7 శాతం. టైముకు కడితే అందులో 3 శాతం కేంద్రం తగ్గిస్తుంది, గడువు దాటితే ఆ రాయితీ పోయినట్టే. అందుకే పెళ్లిపందిట్లో కూడా "లోను కట్టి రెన్యువల్ చేయించినవా?" అని అడిగేవాడు. పెద్దమ్మకు ఒళ్లు మండేది. బత్తాయి తోట ఎండిన రైతు కనిపిస్తే మాత్రం బాకీ ఊసెత్తడు, ముందు బోరు సంగతి అడుగుతాడు. మా ఇంట్లోవాళ్లకు తన బ్రాంచిలో ఒక్క లోనూ ఇవ్వలేదు, ఆ గొడవ ఇంకా నడుస్తూనే ఉంది.