ములుండ్‌లో ఒక సొసైటీ మీటింగు

హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ నన్ను కల్యాణ్‌లో దింపేసరికి ఇంకా తెల్లవారలేదు. అక్కడ స్లో లోకల్ పట్టుకుని ముంబై శివారు ములుండ్‌లో దిగి, ఆటో అతను అడక్కుండానే మీటరు వేసినందుకు (హైదరాబాదు నుంచి వెళ్లినవాళ్లకు ఇది పండగే) పొంగిపోతూ పిన్ని వాళ్ల బిల్డింగు చేరుకుంటే, ఆ పొంగు గేటు దగ్గరే చల్లారిపోయింది. వాచ్‌మన్ రిజిస్టరు తెరిచి, ఎవరింటికి, ఎక్కడి నుంచి, ఎన్నాళ్లుంటారు అని వరసగా అడిగి రాయించుకుని, పిన్నికి ఫోను చేసి నిర్ధారించుకున్నాక గాని పెట్టె లోపలికి పోనివ్వలేదు. ఆ కాసేపట్లో నేను అక్కడి నోటీసు బోర్డు మొత్తం చదివేశాను. మెయింటెనెన్స్ బకాయి పడినవారి ఫ్లాటు నంబర్లు, ఎదురుగా మొత్తాలు, ఎవరికీ దాపరికం లేకుండా అంటించి ఉన్నాయి. సొంత ఇల్లు కొనుక్కుని ఇంతమందికి జవాబు చెప్పుకోవాలా అని నాకు కొంచెం ఒళ్లు మండింది.

భోజనాలయ్యాక నా గొణుగుడు విని బాబాయి బీరువాలోంచి ప్లాస్టిక్ కవరులో భద్రపరిచిన షేర్ సర్టిఫికెట్టు తీసి చూపించారు. ఇచ్చింది ఆ బిల్డింగు సొసైటీ, అంటే ఫ్లాట్లవాళ్లంతా సభ్యులుగా ఉన్న సహకార గృహ సంఘం. 50 రూపాయల షేర్లు 5, వెరసి 250 రూపాయలు. కింద చైర్మన్, సెక్రటరీ సంతకాలు, సొసైటీ ముద్ర. వెనకవైపు ఫ్లాటు చేతులు మారినప్పుడల్లా కొత్త సభ్యుడి పేరు ఎక్కించే పట్టిక. నాలుగు వందల చదరపు అడుగులు కూడా లేని, ఇప్పుడు కోటి పైచిలుకు పలుకుతుందంటున్న ఇంటికి ఆధారం ఈ కాగితమేనా అన్నాను. మన దగ్గర ఫ్లాటు కొంటే దస్తావేజులోనే అవిభాజ్య వాటాగా ఇన్ని చదరపు గజాల నేల అని మన పేరన రాసి ఉంటుంది. అక్కడ కొనుగోలు ఒప్పందం రిజిస్టరయినా, పద్ధతి ప్రకారం నేలా కట్టడమూ సొసైటీ పేరన ఉండాలి; సభ్యుడికి దక్కేవి షేర్లూ, వాటి వెంట ఫలానా ఫ్లాటులో ఉండే హక్కూను. అందుకే ఇల్లు అద్దెకిస్తే సర్వీసు చార్జీల్లో 10 శాతం దాకా సొసైటీకి అదనంగా కట్టాలి. అమ్మితే బదిలీ ప్రీమియం కట్టాలి. ముంబైలో ఆ ప్రీమియం 25,000 రూపాయలు మించకూడదని పరిమితి ఉన్నా, స్వచ్ఛంద విరాళమనే పేరుతో అంతకు ఎన్నో రెట్లు గుంజే సొసైటీలకు కొదవలేదని బాబాయే ఒప్పుకున్నారు.

సహకార గృహ సంఘాలు మనకు మాత్రం కొత్తా? జూబ్లీహిల్స్ కూడా అలాంటి సంఘం వేసిన లేఅవుటే. అయితే మన సంఘాలు ఎక్కువగా భూమి సేకరించి, ప్లాట్లు పంచి, ఆపైన ఎవరి ప్రహరీ వారు కట్టుకోవడంతో పని ముగించాయి. ముంబైలో పంచుకోవడానికి విడివిడిగా నేల లేదు గనుక, నేలను ఉమ్మడిగానే ఉంచి, దాని కోసం జీవితాంతం మీటింగుల్లో పోట్లాడుకోవడం అలవాటు చేసుకున్నారు.

ఈ అలవాటు ఎక్కడ మొదలైందో చూడాలని దక్షిణ ముంబైలోని గాందేవికి వెళ్లాను. దాదర్‌లో సెంట్రల్ లైను నుంచి వెస్టర్న్‌కు మారడానికి ఆ వంతెన మీద పడిన తోపులాట గురించి చెప్పుకుంటూపోతే అదే ఒక వ్యాసమవుతుంది. గ్రాంట్‌రోడ్డులో దిగి, గాంధీజీ బస చేసిన మణిభవన్ చూసుకుని, అక్కడికి దగ్గరలోనే ఉన్న సారస్వత్ సహకార గృహ సంఘం భవనాలను వీధిలో నిలబడి చూశాను. 1904 నాటి సహకార చట్టం అప్పులిచ్చే సంఘాలకే పరిమితం. 1912 చట్టం వచ్చాక గాని ఇళ్ల కోసం సంఘం పెట్టుకునే వీలు చిక్కలేదు. ఆ వీలును అందుకుని శ్రీపాద్ సుబ్రావ్ తల్మకి 1915లో దీన్ని నిలబెట్టారు. ఆసియాలోనే మొదటి సహకార గృహ సంఘం ఇదని అంటారు. కర్ణాటక తీరంలోని కెనరా ప్రాంతం నుంచి ఉద్యోగాలకు వచ్చి అద్దెలకు కుదేలవుతున్న తమ సారస్వత బ్రాహ్మణుల కోసం ఆయన తలపెట్టిన పని ఇది. ఆ "తమవాళ్లు" అన్నచోటే నాకు ముల్లు గుచ్చుకుంది. పార్సీలకే సభ్యత్వమన్న అహ్మదాబాదు సొసైటీ నియమావళిని సుప్రీంకోర్టు 2005లో సమర్థించింది. ఫలానా మతమనో, మాంసం తింటారనో, పెళ్లికాలేదనో ఇల్లు దొరకనివారి కథలు ముంబైలో ఈనాటికీ వింటూనే ఉంటాం. ఉమ్మడి ఆస్తికి గేటు ఉంటుంది, గేటుకు కాపలా ఉంటుంది.

అసలు విశేషం ఆదివారం సాయంత్రం మీటింగు. సభ్యుడిని కాను గనుక మాట్లాడనని ఒప్పుకుని, స్టిల్ట్ పార్కింగులో వేసిన ప్లాస్టిక్ కుర్చీల్లో చివరిదాంట్లో కూర్చున్నాను. కోరం చాలక అరగంట వాయిదా వేసి, అదే మీటింగును మళ్లీ మొదలుపెట్టారు. ఏటా ఇదే తంతు అట. మరాఠీ, గుజరాతీ, హిందీ కలగలిసిన భాషలో, మధ్యమధ్య బాబాయి తెలుగు యాసతో, రెండు గంటలు సాగింది. 1989లో కట్టిన ఆ బిల్డింగు కప్పుల్లోంచి పెచ్చులు రాలుతున్నాయి. కూలగొట్టి టవరు కడతానని, ప్రతి ఇంటికీ అదనపు విస్తీర్ణం, పూర్తయ్యేదాకా అద్దె ఇస్తానని ఒక బిల్డరు రంగుల పుస్తకం పంచాడు. అప్పుడొక యువతి లేచి, నేల ఇంకా మన పేరన లేదు కదా, బేరం దేని మీద ఆడుతున్నాం అని అడిగింది. మహారాష్ట్రలో 1963 చట్టం కింద, సొసైటీ ఏర్పడ్డ నాలుగు నెలల్లో బిల్డరు భూమిని దాని పేరన రాసివ్వాలి. మొదటి బిల్డరు ఆ పని చేయనే లేదు. ఇలాంటివారి కోసమే 2008లో చట్టాన్ని సవరించి, బిల్డరు రాకపోయినా సహకార శాఖ డిప్యూటీ రిజిస్ట్రారే సొసైటీ పక్షాన హక్కు బదలాయించే "డీమ్డ్ కన్వేయన్స్" తెచ్చారు. అది తెచ్చుకుంటే బిల్డరు అక్కర్లేకుండా, బ్యాంకు అప్పుతో సొసైటీయే కట్టుకోవచ్చని, ముంబై జిల్లా సహకార బ్యాంకు ఇలాంటివాటికి అప్పులిస్తోందని ఆమె చెప్పింది.

చప్పట్లు మోగుతుండగా కింది అంతస్తు పెద్దాయన కర్ర ఊతంతో లేచారు. "నాకు లిఫ్టుతో పనిలేదు. ఇరవయ్యో అంతస్తులో పెడితే, మూడింతలయ్యే మెయింటెనెన్స్ నా పింఛనులోంచి ఎక్కడ తేను?" అన్నారు. ఎవరూ సూటిగా జవాబివ్వలేదు. సెక్రటరీ, కూలగొట్టి కట్టడానికి 2019 నుంచి 51 శాతం సభ్యుల సమ్మతి చాలు అని మాత్రం గుర్తుచేశారు. చివరికి చేతులెత్తించి, ముందు కన్వేయన్స్, ఆ తర్వాతే మిగతా మాట అని తీర్మానించారు. చేయెత్తనిది ఆయన ఒక్కరే.

రాత్రి భోజనాల దగ్గర నేను ఆ పెద్దాయన పక్షం వహించాను. మన దగ్గరైతే నేలలో ఎవరి వాటా వారిది గనుక ఆయన సంతకం లేనిదే పని జరగదు అన్నాను. "జరగకపోతే? ఆయన ఒక్కరి కోసం ఇంతమందిమి పెచ్చులూడే కప్పు కింద పడుకోవాలా?" అని బాబాయి విరుచుకుపడ్డారు. నా దగ్గర జవాబు లేదు. అంతవరకు చపాతీలు వడ్డిస్తున్న పిన్ని, "అది సరే, ఆయన అన్నమాట మినిట్స్‌లో రాశారా?" అని అడిగింది. రాసినట్టు లేదన్నారు బాబాయి. "రేపు టవరు కట్టేటప్పుడు ఆయన మెయింటెనెన్స్ సంగతి అడగాలంటే అది కాగితం మీద ఉండాలి కదండీ" అంది పిన్ని. బాబాయి చేయి కడుక్కుని, పది దాటినా లెక్కచేయకుండా సెక్రటరీకి ఫోను కలిపారు.