బరంపురం గాలి, గిటార్ కీలు

గోపాల్‌పూర్ ఉప్పుగాలి బరంపురం దాకా కొడుతుంది కదా, చవక గిటార్ల ఓపెన్ గేర్ (పళ్ళచక్రం బయటికి కనిపించే) ట్యూనింగ్ కీలు ఇక్కడ తొందరగా తుప్పు పడతాయి. 14:1 (కీ 14 సార్లు తిప్పితే తీగ చుట్టుకునే కడ్డీ ఒక చుట్టు తిరిగేవి) తీసి 18:1 సీల్డ్ (పళ్ళు మూతలో ఉండే) రకం వేస్తే శ్రుతి సన్నగా కలుస్తుంది. కొనేముందు గిటార్ తలలో కీ దూరే రంధ్రం కొలవండి. సీల్డ్ వాటికి సాధారణంగా 10 మి.మీ. కావాలి. తక్కువైతే డ్రిల్లు వద్దు, చెక్క పెచ్చులేస్తుంది. రీమర్‌తో (రంధ్రాన్ని కొద్దికొద్దిగా వెడల్పు చేసే చేతి పనిముట్టు) రెండు వైపుల నుంచీ మెల్లగా తిప్పాలి. పాత స్క్రూ బెజ్జాల్లోకి ఫెవికాల్, అగ్గిపుల్ల పెట్టి పూడ్చండి. కొత్త స్క్రూకి ముందు సన్నబెజ్జం చేసి, స్క్రూ మరలకి సబ్బు రాయండి. లేదంటే స్క్రూ తల తెగి, ఒళ్ళు చెక్కలోనే ఉండిపోతుంది! పైనుంచి బుషింగ్‌ని (కీ కడ్డీ చుట్టూ రంధ్రంలో బిగించే లోహపు గొట్టం) 10 నంబర్ పానాతో బిగించి, బిగిసిందనగానే ఆపేయాలి. అయినా శ్రుతి జారుతోందా? బహుశా తీగ నట్ (తల మొదట్లో తీగలు ఆనే గాళ్ళ పట్టీ) గాడిలో పట్టేస్తోంది, పెన్సిల్ పొడి రాయండి. నిజానికి కీలు కొనేముందే ఈ గాడి సంగతి చూసుకోవాలి.