ప్లేటు మీద పాచి

ఎడమ కాలికి, మోకాలి కింద స్టీలు ప్లేటు, ఎనిమిది స్క్రూలు. ఆపరేషనైన ఏడో వారంలో కుట్ల గీత మీద కందిగింజంత పొక్కు లేచి చితికింది. చీము కూడా కాదు, పల్చటి రసి. సెఫిక్సిమ్ 200 రోజుకు రెండు చొప్పున ఐదు రోజులు వాడితే ఎండింది. పది రోజులకి అదే చోట మళ్ళీ కారింది. పాత చీటీయే చూపించి ఇంకో షీటు తెచ్చుకున్నాను. ఇలా మూడుసార్లు. 2014 మార్చి 1 నుంచి ఈ మందు హెచ్1 షెడ్యూలులో ఉంది, అమ్మినప్పుడల్లా షాపువాళ్ళు పుస్తకంలో రాసి మూడేళ్ళు దాచాలి. ఆ పుస్తకంలో నా పేరు ఎన్నిసార్లుందో గాని, తప్పు మాత్రం నాదే. నేను గుంటూరులో ల్యాబులో కల్చర్ బెంచీ మీద, అంటే క్రిముల్ని పెంచి ఏ మందుకి లొంగుతాయో చూసే చోట, పనిచేసేవాణ్ణి. ఇలాంటి పుళ్ళలో తరచూ కనిపించే స్టెఫైలోకాకస్ అనే క్రిమి మీద సెఫిక్సిమ్ సరిగా పనిచేయదని తెలిసీ మింగాను. లోపల లోహం ఉన్నప్పుడు రసి కారే రంధ్రం తనంతట తానే మూసుకుంటుంది, తనంతట తానే తెరుచుకుంటుంది. ఆ ఘనతంతా మాత్రకి కట్టబెట్టాను.

చివరికి రసిని స్వాబ్‌తో తీసి నేనే కల్చర్ వేశాను. స్టెఫైలోకాకస్ ఆరియస్ పెరిగింది. సెఫాక్సిటిన్ మందు అద్దిన కాగితం బిళ్ళ చుట్టూ క్రిమి పెరగని ఖాళీ 27 మిల్లీమీటర్లు. 22 ఉంటే చాలు, మొండి రకం ఎం.ఆర్.ఎస్.ఏ. కాదన్నమాట. రిపోర్టు నిండా ఎస్‌లే (మందుకి లొంగుతుందని), ఒక్క ఆర్ (లొంగదని) లేదు. ఇలాంటి రిపోర్టు చేతిలో పెడితే ఎవరైనా ఊపిరి పీల్చుకుంటారు.

ఆ ఎస్ ఎలా పుడుతుందో చూడండి. పెరిగిన క్రిములను సెలైన్‌లో కలిపి, మిల్లీలీటరుకు సుమారు 15 కోట్లుండేలా మసక సరిచూసి, 4 మిల్లీమీటర్ల మందాన పోసిన ముల్లర్ హింటన్ అగార్ అనే జెల్లీలాంటి మేత మీద పులిమి, బిళ్ళలు పెట్టి, 35 డిగ్రీల్లో 16 నుంచి 18 గంటలు ఉంచుతాం. అక్కడున్నవన్నీ విడివిడిగా, కడుపునిండా తిని జోరుగా చీలుతున్న క్రిములు. నా కాలిలోని స్టీలు ప్లేటుకి అంటుకున్నవి అలాంటివి కావు.

నీళ్ళ డ్రమ్ము నాలుగు రోజులు కడగకపోతే లోపల చేతికి జారుడుగా తగులుతుందే, అదే పాచి. నీళ్ళు పారబోస్తే పోదు, పీచుతో రుద్దాలి. పళ్ళ మీది పాచీ అదే జాతి. క్రిములను మొదట చూసిన డచ్చివాడు లేవెన్‌హుక్ తన పళ్ళ పాచిని సూక్ష్మదర్శినిలో చూసి రాసిన ఉత్తరం 1684లో అచ్చయింది. వెనిగర్‌తో పుక్కిలిస్తే పై పొరలో ఉన్నవే చచ్చాయి, లోపలివి చావలేదని అందులోనే ఉంది. లోహం మీద కూడా క్రిములు ముందు అంటుకుని, తమ చుట్టూ చక్కెరలు, ప్రొటీన్లు, డీఎన్‌ఏ కలిసిన జిగురు పోసుకుంటాయి. అడుగున ఆక్సిజన్, ఆహారం తక్కువ కాబట్టి పెరుగుదల మందగిస్తుంది. సెఫిక్సిమ్ లాంటి సెఫలోస్పోరిన్ మందులు గోడ కట్టుకుంటున్న క్రిమినే చంపగలవు, కట్టడం ఆపిన దాన్ని ఏమీ చేయలేవు. అలా నిద్రపోయే వాటికి 1944లో బిగ్గర్ అనే క్రిమి శాస్త్రవేత్త పెర్సిస్టర్లని (పట్టుకుని మిగిలేవని) పేరు పెట్టాడు. విడి క్రిమిని చంపే మోతాదుకి వందరెట్లు, ఒక్కోసారి వెయ్యిరెట్లు పోసినా పాచిలోది బతుకుతుంది. అంత మందు రక్తంలోకి ఎక్కించలేం. ఇది రెసిస్టెన్స్ (మందుకి లొంగకుండా మారిపోవడం) కాదు, ఇదే క్రిమిని బయటికి తీసి పెంచితే మామూలు మోతాదుకే చస్తుంది. నా రిపోర్టులో తప్పేమీ లేదు, అది అడిగిన ప్రశ్నే వేరు.

విజయవాడ సూర్యారావుపేటలో సర్జన్ గారు చూడగానే, “మందులన్నీ ఆపెయ్యండి, రెండు వారాల తర్వాత తెరుద్దాం” అన్నారు. మందు ఒంట్లో ఉంటే, తెరిచి తీసే కండ ముక్కల్లో క్రిమి ఉన్నా పెరగకపోవచ్చు. రసి స్వాబ్‌నీ ఆయన లెక్కలోకి తీసుకోలేదు, అది చర్మం మీది క్రిమి కూడా కావచ్చు. థియేటర్లో ప్లేటు పక్కనుంచి ఐదు ముక్కలు, ఒక్కోదానికి కొత్త బ్లేడు, కొత్త ఫోర్సెప్స్, వేరే సీసా. మామూలుగా ముందే ఇచ్చే ఇంజెక్షన్ కూడా ముక్కలు తీశాకే ఇచ్చారు. ఒక్క ముక్కలో పెరిగితే గాలివాటం కావచ్చు, రెండింటిలో అదే వస్తే అదే దోషి. నాకు నాలుగింటిలో వచ్చింది. తర్వాత చచ్చిన కండ కోసి, మూడేసి లీటర్ల సెలైన్ సంచులు మూడు పోసి కడిగారు. స్క్రూలన్నీ బిగువుగా ఉన్నాయి, ఎముక ఇంకా అతకలేదు. అందుకే ప్లేటు ఉంచేశారు. ఎముక కదిలితే ఇన్ఫెక్షన్ తగ్గడం కష్టం, ఇన్ఫెక్షనుంటే ఎముక అతకడం కష్టం.

తర్వాత నరంలోకి సెఫజోలిన్ 2 గ్రాములు ఎనిమిది గంటలకోసారి, 14 రోజులు. వార్డులో కాన్యులా (నరంలో పెట్టే సూది గొట్టం), యూరిన్ గొట్టం కూడా పాచి పట్టేవే. యూరిన్ గొట్టానికి పాచి పట్టడానికైతే కొద్దిరోజులు చాలు. స్కానింగ్‌కి తీసుకెళ్ళేటప్పుడు యూరిన్ సంచిని రోగి పొట్ట మీద పెట్టడం రోజూ చూశాను. అది ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందే వేలాడాలి, నేలకి ఆనకూడదు. నిజానికి గొట్టం ఇంకా అవసరమా అని రోజూ అడగడమే ఎక్కువ పనిచేస్తుంది.

గాయం పూర్తిగా పొడిబారాకే రిఫాంపిసిన్ 450 పరగడుపున రోజుకు రెండుసార్లు, తోడుగా లెవోఫ్లోక్సాసిన్ 750. పాచిలోని స్టెఫైలోకాకస్‌ని చేరి చంపగలిగే కొద్ది మందుల్లో రిఫాంపిసిన్ ఒకటి. కాని ఒంటరిగా ఇవ్వకూడదు. ఒక్క జన్యువులో ఒక్క అక్షరం మారితే చాలు, క్రిమి దాన్ని తట్టుకుంటుంది. రసి కారుతూ కోట్లలో క్రిములున్నప్పుడు ఆ మారినది వాటిలో ఉండనే ఉంటుంది. రిఫాంపిసిన్ టీబీకీ వాడే మందు కాబట్టి షాపులో “టీబీనా అండీ?” అని గొంతు తగ్గించి అడిగారు. మూత్రం నారింజ రంగుకి తిరిగింది, అది మామూలే. రెండు వారాలకోసారి లివర్ పరీక్ష.

ఎక్కువమందికి దెబ్బకొట్టేది కాల్షియం. ఎముక విరిగినవాళ్ళందరికీ ఆ మాత్ర రాస్తారు, అది లెవోఫ్లోక్సాసిన్‌ని కడుపులోనే పట్టుకుని రక్తంలోకి పోనివ్వదు. ఐరన్ మాత్రలూ, గ్యాస్ సిరప్పులూ అంతే. నేను లెవో పొద్దున, కాల్షియం రాత్రి వేసుకునేవాణ్ణి. లెవో వాడుతున్నప్పుడు మడమ వెనక కండర తాడు (టెండన్) లాగితే నడక ఆపి డాక్టరుకి చెప్పాలి.

ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే రక్తపరీక్ష సీఆర్‌పీ 48 నుంచి 4కి దిగింది. ఎనిమిదో నెలలో ఎక్స్‌రేలో ఎముక అతికింది, ప్లేటు తీసేశారు. మళ్ళీ ఐదు ముక్కలు, ఈసారి 14 రోజులు ఇంక్యుబేటర్లో. కొన్నిచోట్ల తీసిన ప్లేటుని కళ్ళజోళ్ళ షాపులో కడిగే తొట్టిలాంటి అల్ట్రాసౌండ్ తొట్టిలో రింగర్ ద్రవంలో ఐదు నిమిషాలు ఊపి, ఆ ద్రవాన్నీ కల్చర్ వేస్తారు. మా దగ్గర ఆ సౌకర్యం లేదు, ముక్కలతోనే సరిపెట్టుకున్నాం. రోజూ పొద్దున్నే వెళ్ళి వెలుతురికి పట్టి చూసేవాణ్ణి. పద్నాలుగో రోజున కూడా అగార్ మీద ఏమీ లేదు.