ఐదు తీగముక్కలు, ఆరు దీపాలు

మన పాలిటెక్నిక్ డిజిటల్ ల్యాబ్‌లో కిటికీ పక్క బల్ల మాది. నొక్కులు లెక్కపెట్టే 4026 కౌంటర్ చిప్, దానికి అంకె చూపించే ఒక సెవెన్ సెగ్మెంట్ డిస్‌ప్లే, ఒక పుష్ బటన్. బటన్ ఒకసారి నొక్కితే అంకె ఒకటి పెరగాలి. నేను నొక్కితే 3 వచ్చింది. మళ్లీ నొక్కితే 7. వైరింగంతా పీకి మొదటినుంచి వేసినా అదే వరస. రికార్డు మీద సంతకం ఆ రోజే పడాలి, ఒకటే టెన్షన్.

సార్ వచ్చి చూశారు. "నువ్వు నొక్కింది ఒకసారే రా. లోపల రేకు మాత్రం నాలుగుసార్లు తగిలింది" అన్నారు. బటన్‌లో రేకులు తాకగానే అతుక్కుపోవట. నేలమీద పడ్డ గోలీ ఎగిరెగిరి ఆగినట్టు కొన్ని మిల్లీసెకన్లు తాకుతూ, విడిపోతూ ఉంటాయి. మన కంటికి ఆనదు కానీ కౌంటర్ ప్రతి తాకిడినీ లెక్కేస్తుంది.

ఆయన బీరువా తీసి, నల్ల స్పాంజిలో గుచ్చి ఉన్న 16 కాళ్ల చిప్ ఒకటి ఇచ్చారు. మోటరోలా 14490. ఒక్క చిప్‌లో ఆరు బటన్లకు సరిపడా సరంజామా, బటన్‌కో గది. 7, 9 కాళ్ల మధ్య ఒక కెపాసిటర్ పెడితే దాని లోపలి క్లాక్, అంటే క్రమం తప్పకుండా పల్సులు కొట్టే భాగం, నడుస్తుంది. బటన్ స్థితి మారగానే ఇది నమ్మేయదు. వరసగా నాలుగు క్లాక్ పల్సుల పాటు అదే స్థితి నిలబడాలి. మధ్యలో రేకు ఒక్కసారి ఎగిరినా లెక్క మళ్లీ మొదటికి. 5 వోల్టుల దగ్గర 0.01 మైక్రోఫారడ్ పెడితే సెకనుకు సుమారు 150 పల్సులు, అంటే దాదాపు 27 మిల్లీసెకన్ల నిరీక్షణ. అది పెట్టాక 1, 2, 3 అని బుద్ధిగా పెరిగింది. సంతకం పడింది.

అక్కడితో ఇంటికి వెళ్లిపోవచ్చు. "కెపాసిటర్ పెద్దది పెడితే ఏమవుతుంది సార్?" అని అడిగాను. ఆయన చెప్పలేదు, 1 మైక్రోఫారడ్ చేతిలో పెట్టారు. క్లాక్ నెమ్మదించింది. బటన్ టక్కున నొక్కి వదిలితే ఏమీ లేదు. రెండున్నర సెకన్ల పైన నొక్కి పట్టుకుంటేనే అంకె కదిలింది! ఫోన్ పవర్ బటన్ నొక్కి పట్టుకున్నప్పుడల్లా ఆ బల్లే గుర్తొస్తుంది నాకు.

ఒక గది అవుట్‌పుట్‌ని తర్వాతి గదికి ఇన్‌పుట్‌గా ఇద్దామని డేటా బుక్ తెరిచాం. ఆ పేజీ నాకిప్పటికీ కంఠతా. 'ఎ' అవుట్‌పుట్ 15వ కాలు, 'బి' ఇన్‌పుట్ 14. 'బి' అవుట్‌పుట్ 2, 'సి' ఇన్‌పుట్ 3. ఆ తర్వాత 13, 12. 4, 5. 11, 10. ప్రతి గది అవుట్‌పుట్ పక్కనే తర్వాతి గది ఇన్‌పుట్! గోరంత తీగముక్కలు ఐదు గుచ్చితే ఆరు గదులూ గొలుసైపోయాయి. ఎప్పుడో ఎవరైనా ఇలా కలుపుతారని ఊహించే ఆ చిప్ గీసినవాళ్లు కాళ్లు అలా పేర్చారని నేను ఈనాటికీ నమ్ముతాను.

ఆదివారం బస్సెక్కి కోఠి గుజరాతీ గల్లీలో ఎల్ఈడీలు, వాటిని వెలిగించడానికి బీసీ 547 ట్రాన్సిస్టర్లు, సిగ్నల్‌ని తిరగేసే (ఉంటే లేదని, లేకపోతే ఉందని చెప్పే) 4069 చిప్ ఒకటి కొనుక్కొచ్చాను. గదికో దీపం పెట్టాం. చివరి అవుట్‌పుట్‌ని 4069లో తిరగేసి మొదటి ఇన్‌పుట్‌కే ఇచ్చాం. 0.1 మైక్రోఫారడ్‌తో పావు సెకను పైచిలుకుకో దీపం చొప్పున ఆరూ వెలిగాయి. తర్వాత అదే వరసలో ఒక్కొక్కటీ ఆరిపోయాయి. మళ్లీ మొదలు. బటన్ లేదు, ప్రోగ్రాం లేదు, 555 టైమర్ చిప్ కూడా లేదు.

సార్ ట్యూబ్‌లైట్ ఆర్పి, పవర్ సప్లై నాబ్‌ని మెల్లగా 5 నుంచి 10 వోల్టులకు తిప్పారు. ఓల్టేజీ పెరిగితే లోపలి క్లాకూ వేగం పెరుగుతుంది, సుమారు మూడింతలు. దీపాలు పరుగందుకున్నాయి. పక్క బల్లలవాళ్లు లేచొచ్చి మా వెనక నిలబడ్డారు. ఆయన నాబ్ వెనక్కి తిప్పారు, మళ్లీ ముందుకు తిప్పారు. ల్యాబ్ టైం ఎప్పుడో అయిపోయింది, బెల్లు మాకెవరికీ వినపడలేదు.

చిప్ పీకేటప్పుడు ఒక కాలు వంగింది. నా గుండె జారిపోయింది. సార్ ఏమీ అనలేదు. నోస్ ప్లయర్‌తో దాన్ని సరిచేసి, స్పాంజిలో గుచ్చి, బీరువాకు తాళం వేసుకున్నారు. "రేపు రెండో చిప్ కూడా తీద్దాం, పన్నెండు పెడదాం" అన్నారు.