చిన్న కిటికీ

ఆదివారం, అక్టోబరు 26, 2025. జెర్సీ సిటీ.

ఈ మధ్యాహ్నం మా మేనకోడలితో కలిసి మన్‌హాటన్‌లోని అప్పర్ వెస్ట్ సైడ్‌లో అమ్మకానికి పెట్టిన ఒక ఫ్లాటు చూసి వచ్చాను. కొనాలనుకుంటున్నది తనూ తన భర్తా. అతనికి ఆసుపత్రిలో డ్యూటీ పడటంతో నన్ను తోడు రమ్మంది. "అత్తా, నువ్వైతే గోడలు తట్టి చూస్తావు, నాకు మొహమాటం" అని ముందే చెప్పింది కనుక నా పని ఏమిటో నాకు తెలిసిపోయింది.

భవనం వెస్ట్ ఎండ్ ఎవెన్యూ మీద, 86వ వీధి సబ్‌వే స్టేషనుకు నాలుగైదు నిమిషాల నడకలో ఉంది. ఆ స్టేషనును న్యూయార్క్ నగరపు తొలి సబ్‌వే మార్గంతో పాటే 1904 అక్టోబరు 27న తెరిచారు, అంటే రేపటితో దానికి 121 ఏళ్ళు నిండుతాయి. రైలు వచ్చిన తరువాతి పాతికేళ్ళలో ఈ వీధిలోని వరుస ఇళ్ళు చాలావరకు నేలమట్టమై, వాటి స్థానంలో పన్నెండు, పదిహేను అంతస్తుల భవనాలు లేచాయి. మేము చూసినది 1926లో కట్టినది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన ఇలాంటి వాటినే ఇక్కడ 'ప్రీవార్' అంటారు. మన వైపు పాత ఇల్లు అనగానే కొనేవాడు బేరం మొదలుపెడతాడు. ఇక్కడ అదే మాటను అమ్మేవాడు ప్రకటనలో మొదటి వరుసలో వేసుకుంటాడు. మందపాటి గోడలు, తొమ్మిది అడుగులు దాటిన కప్పు, దేనికది విడిగా ఉండే గదులు యుద్ధం తరువాతి కట్టడాలలో అంత తేలికగా దొరకవు కనుక ఆ గర్వం పూర్తిగా ఉత్తది అనలేను.

గుమ్మంలో బ్రోకరు మా పేర్లు రాయించుకుని, బూట్లకు తొడుక్కోమని నీలం ప్లాస్టిక్ తొడుగులు ఇచ్చాడు. విప్పేస్తామంటే వినలేదు. లోపల ఓక్ చెక్కను చేప ముల్లులా ఏటవాలుగా పరిచిన నేల, కొత్తగా సానబట్టి నూనె పెట్టినట్లు మెరుస్తూ ఉంది. గోడలు తట్టాను. హాల్లో మెత్తని, నిండైన చప్పుడు వచ్చింది, అంటే పాత గచ్చు గోడ అలాగే ఉంది. పడక గదుల మధ్య గోడ మాత్రం డొల్లగా మోగింది, అది ఇటీవల బోర్డులతో నిలబెట్టినది. ప్రకటనలో గోడలన్నీ 1926 నాటివే అన్నట్లు రాశారు. కిటికీల కింద రేడియేటర్లకు తెల్లని చెక్క పెట్టెలు బిగించి అవి కనబడకుండా చేశారు కానీ, ఇడ్లీ పాత్ర మూత సందులోంచి ఆవిరి పోతున్నట్లు ఉండుండి వాటి నిట్టూర్పు వినబడుతూనే ఉంది. నేలమాళిగలోని బాయిలరు భవనమంతటికీ ఒకటే. న్యూయార్క్ నగరంలో అక్టోబరు 1 నుంచి మే 31 వరకు, పగలు బయట ఉష్ణోగ్రత 55 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే కిందికి దిగితే లోపల కనీసం 68 ఉంచాలన్నది చట్టం. కనీసం అని చట్టం అన్నా, ఆవిరికి ఆ లెక్కలు తెలియవు. ఇవాళ ఆ హాల్లో మేమిద్దరం కోట్లు విప్పి చేతిమీద వేసుకుని తిరిగాం, బ్రోకరు వెళ్ళి ఒక కిటికీ తెరిచాడు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది భోజనాల గది. బల్ల ఉండవలసిన చోట, నేలలో అర్ధరూపాయి బిళ్ళంత ఇత్తడి బిళ్ళ పొదిగి ఉంది, దాని నడుమ ఒక బొత్తాం. ఇంటావిడ కుర్చీలో కూర్చుని, మాట్లాడుతున్న మాట ఆపకుండా, చేయి ఎత్తకుండా, చెప్పు మొనతో దాన్ని నొక్కితే వంటింట్లో గంట మోగేదట. ఇప్పుడు తీగలు లేవు. మా మేనకోడలు నీలం తొడుగు వేసిన కాలి బొటనవేలితో నొక్కింది. అది లోపలికి దిగి మళ్ళీ పైకి లేచింది, ఏమీ మోగలేదు. "చూడముచ్చటగా ఉంటుందని అలాగే ఉంచారు" అన్నాడు బ్రోకరు.

గంట ఉంచారు సరే, దానికి పలికిన మనిషి ఉండే చోటు ఎక్కడ అన్న ఆలోచనతోనే వంటింట్లోకి వెళ్ళాను. చాలా పెద్ద వంటిల్లు, తెల్లరాతి గట్టు, ఆరు బర్నర్ల పొయ్యి, పక్కనే నలుగురు కూర్చుని టిఫిన్ చేయగల బల్ల. కానీ కిటికీలు రెండు ఉన్నాయి, రెండూ ఒక కొలతలో లేవు. గట్టు మీది కిటికీ వెడల్పాటిది. బల్ల పక్కది సన్నగా, ఒంటరిగా, లోపలి ఖాళీ జాగా వైపు తెరుచుకుంటూ ఉంది. ఒకే గదికి ఇలాంటి జత కిటికీలను ఏ మేస్త్రీ పెట్టడు.

అమ్మాయి బ్యాగులోంచి ఒక కాగితం తీసింది. ఈ భవనాలను అప్పట్లో అద్దెకిచ్చేందుకు వేసిన ప్రచార పత్రాలను కొలంబియా విశ్వవిద్యాలయ గ్రంథాలయం భద్రపరిచి అందరూ చూసేందుకు వీలుగా ఉంచింది. అందులో ఈ భవనపు ప్లాను దొరికితే అచ్చు తీసుకుని వచ్చిందట. పడక గదులకు 'ఛాంబర్' అని, వంటింటి వెనుక మూలన ఉన్న చిన్న గదికి 'మెయిడ్' అని రాసి ఉంది. కొలతలు ఏడడుగులు, పదకొండడుగులు. దానికి ఆనుకుని స్నానాల గది, ఆ పక్కన సర్వీసు లిఫ్టు వైపు తెరుచుకునే వెనుక తలుపు. హాలు, భోజనాల గది, వంటిల్లు, రెండు పడక గదులు, ఈ మూల గది కలిపి ఆరు. అందుకే ఇలాంటి అమరికను ఈ వ్యాపారంలో 'క్లాసిక్ సిక్స్' అంటారు. గోడ పడగొట్టి ఆరో గదిని వంటింట్లో కలిపేశాక కూడా బ్రోకరు కాగితంలో 'క్లాసిక్ సిక్స్' అనే ఉంది, లెక్కపెడితే ఐదే.

ఆ సన్న కిటికీ మాత్రం ఎందుకు మిగిలిందో ఆలోచిస్తే, అసలు అది ఎందుకు పుట్టిందో కూడా చెప్పుకోవాలి. గాలీ వెలుతురూ లేని గదులలో పేదలు మగ్గిపోతున్న రోజుల్లో, 1901లో వచ్చిన చట్టం మూడు కుటుంబాలు, అంతకు మించి కాపురముండే ప్రతి కొత్త కట్టడంలోనూ గదిగదికీ బయటికి తెరుచుకునే కిటికీ ఉండాలని పట్టుబట్టింది. మురికివాడల కోసం వచ్చిన ఆ చట్టం పెద్దవాళ్ళ భవనాలకూ వర్తించింది, అందువల్లనే ఈ గదిలో పడుకున్న ఆమెకు కాస్త ఆకాశం దక్కింది. మరమ్మతు చేసినవాళ్ళు సింకును పాత చోటనే ఉంచారు. కింది ఇంటివారి గదుల మీదికి నీటి పైపులు రాకూడదని ఇలాంటి భవనాలను నడిపే యజమానుల కమిటీలు, అంటే బోర్డులు, గట్టిగా నియమం పెడతాయి. ఆమె స్నానాల గదిలో ఇప్పుడు బట్టలుతికే యంత్రం ఉంది. ఆమె మంచం వేసుకున్న చోటనే టిఫిను బల్ల ఉందని ప్లాను పక్కన పెట్టి చూస్తే తెలుస్తోంది.

కాకినాడ రామారావుపేటలో మా అమ్మమ్మగారింటికి గంట లేదు, అమ్మమ్మ గొంతే చాలేది. అంట్లు తోమే ఆవిడ దొడ్డి గుమ్మంలోంచి వచ్చి దొడ్డి గుమ్మంలోంచే వెళ్ళేది, నట్టింట్లో ఆమెను చూసిన గుర్తు నాకు లేదు. ఈ ఇంటి వెనుక తలుపు తీసి సర్వీసు లిఫ్టు ముందు నిలబడినప్పుడు, ఇంత దూరం వచ్చి మళ్ళీ అదే గుమ్మంలో నిలబడ్డాననిపించింది. బ్రోకరు ఆ తలుపును చెత్త వేయడానికి సౌకర్యం అని పరిచయం చేశాడు.

ఇక డబ్బు సంగతి. అడిగిన ధర 24 లక్షల డాలర్లు. ఇది కో-ఆప్, అంటే కొనేది ఇంటిని కాదు. భవనానికి యజమాని అయిన కంపెనీలో వాటాలు, వాటితో పాటు ఆ ఫ్లాటులో ఉండేందుకు లీజు. నెలనెలా మెయింటెనెన్స్ 3,900. ఇరవై నుంచి ముప్పై లక్షల మధ్య కొంటే న్యూయార్క్ నగరంలో ఒకటింపావు శాతం 'మాన్షన్ టాక్స్' కొనేవారే కట్టాలి కనుక మరో 30,000. ఆ తరువాత పన్ను పత్రాలు, బ్యాంకు కాగితాలు, తెలిసినవాళ్ళ సిఫారసు ఉత్తరాలు అన్నీ కుట్టి బోర్డుకు ఇచ్చి, వాళ్ళ ముందు కూర్చుని మాట్లాడాలి. వద్దనుకుంటే కారణం చెప్పకుండానే వద్దనవచ్చు. మా రోజుల్లో పెళ్ళిచూపులకు ఇంతకంటే తక్కువ కాగితాలు అడిగేవారు. ఎదురు భవనానికి కాలిబాట మీద పరంజా కప్పు కట్టి ఉంది. ఆరంతస్తులు దాటిన భవనాల ముఖభాగాన్ని ఐదేళ్ళకోసారి పరీక్షించాలన్న నియమం వల్ల వచ్చినది అది. 1979లో ఒక భవనం ముఖభాగం నుంచి పెళ్ళ విరిగిపడి ఒక కాలేజీ విద్యార్థిని చనిపోయాక ఆ చట్టం పుట్టింది. ఈ భవనానికి ఆ ఖర్చు ఎప్పుడు రానుందని అడిగితే, బోర్డు సమావేశాల మినిట్స్ మీ లాయరు చదువుతారు కదా అని బ్రోకరు నవ్వి వేరేవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అమ్మాయికి ఇల్లు మాత్రం నచ్చింది.

రాత్రి తొమ్మిదింటికి, అక్కడ ఇంకా తెల్లారి ఆరున్నర, మా తమ్ముడు హైదరాబాదు నుంచి వీడియో కాల్ చేశాడు. కోకాపేటలో తాను బుక్ చేసిన ఫ్లాటు బ్రోచరు ఈ నెలలో నాలుగోసారి చూపించాడు, అందులో 'త్రీ బీహెచ్‌కే ప్లస్ మెయిడ్' అని బంగారు రంగు అక్షరాలు. విడి గది, విడి బాత్‌రూమ్, విడి లిఫ్టు.

"అక్కా, గుమ్మం తూర్పా?" అని మొదట నన్ను అడిగి, తరువాత కూతురిని అడిగాడు, "అమ్మా, అంత డబ్బు పోస్తున్నారు, మెయిడ్ రూమైనా ఉందా?"

"ఉండేది నాన్నా" అంది అది.

బుధవారం రెండోసారి చూడటానికి సమయం అడిగాం. అల్లుడు కూడా వస్తానన్నాడు. ఈసారి టేపు పట్టుకెళ్ళి ఆ చిన్న కిటికీ కొలత రాసుకోవాలి, ఆ మూలన దేవుడి మందసం పడుతుందేమో చూడమని అమ్మాయి అడిగింది.