పాత ఔట్‌బోర్డు ఇంజను స్టార్టర్: తాడు కొలత, స్ప్రింగు చుట్ల లెక్క

ఔట్‌బోర్డు, అంటే పడవ వెనక తగిలించే ఇంజను, స్టార్టర్ తాడు తెగగానే పడవలో చేతికందిన నీలం ప్లాస్టిక్ తాడు కోసి కట్టేయడం చెన్నై కాసిమేడులోనూ మామూలే, పులికాట్ రేవుల్లోనూ మామూలే. వల పనికి అది మంచి తాడే. స్టార్టర్‌కు మాత్రం పనికిరాదు. తాడు బయటికి వచ్చే గైడు రంధ్రం దగ్గర రాపిడికి వేడెక్కి మెత్తబడుతుంది, పురి విడిపోయి డ్రమ్ము పక్కన ఇరుక్కుంటుంది. దానికి మించిన నష్టం ఇంకొకటుంది. కొలత చూడకుండా కట్టిన తాడు లోపలి స్ప్రింగును విరగ్గొడుతుంది. తాడు పోతే వందల్లో పోతుంది, పాత మోడల్ స్ప్రింగు పోతే వెతుక్కుంటూ తిరగాలి.

ఈ పోస్టు 8 నుంచి 15 హార్స్‌పవర్ దాకా ఉండే, చేత్తో తాడు లాగి స్టార్ట్ చేసే టూ స్ట్రోక్ ఇంజన్ల గురించి. కంపెనీని బట్టి భాగాల రూపం మారుతుంది గానీ పనిచేసే తీరు దాదాపు ఒకటే. ఇంజను పైన తిరిగే బరువైన చక్రం, అంటే ఫ్లైవీల్ మీద టోపీలా ఒక హౌసింగ్, దానిలో తాడు చుట్టుకునే డ్రమ్ము, డ్రమ్ముకు పైన గడియారం స్ప్రింగులాంటి చుట్టల స్ప్రింగు, అడుగున ఫ్లైవీల్ గాడిని పట్టుకునే రాచెట్. తాడు లాగితే రాచెట్ బయటికి వచ్చి ఫ్లైవీల్‌ను తిప్పుతుంది. ఇంజను అందుకోగానే రాచెట్ లోపలికి పోతుంది, స్ప్రింగు తాడును వెనక్కి చుట్టేస్తుంది.

విప్పేముందు జబ్బు ఎక్కడుందో తేల్చుకోవాలి. తాడు తేలిగ్గా వచ్చేసి ఇంజను అసలు తిరగకపోతే రాచెట్ అరిగింది, లేదా ఉప్పు, పాత గ్రీజు కలిసి గట్టిపడి బిగుసుకుపోయింది, లేదా దాన్ని బయటికి నెట్టే చిన్న స్ప్రింగు పోయింది. లాగిన తాడు వెనక్కి పోకపోతే పెద్ద స్ప్రింగు విరిగింది, కొక్కెం ఊడింది, లేదా డ్రమ్ము బుష్ అరిగి ఒక పక్కకు ఒరిగి హౌసింగ్‌కు రాసుకుంటోంది. ఇంజను నడుస్తున్నప్పుడు పైనుంచి టకటకమని శబ్దం వస్తే రాచెట్ పూర్తిగా లోపలికి పోవడం లేదు. తాడు అసలు కదలకపోతే స్టార్టర్‌ను తిట్టే ముందు గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూడండి. ఉంటే హౌసింగ్ తీసి, ప్లగ్గులు విప్పి, ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పండి. పైనుంచి చూస్తే దాదాపు అన్ని ఔట్‌బోర్డులూ గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతాయి. అటు తిరగకపోతే తప్పు స్టార్టర్‌ది కాదు, పిస్టన్ పట్టేసింది లేదా సిలిండర్‌లో నీళ్లున్నాయి. తాడు చేతిని వెనక్కి ఝాడించి కొడుతుంటే ఫ్లైవీల్ కింద దాన్ని ఇరుసుకు పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క (కీ) కోసుకుపోయి టైమింగ్, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయం, తప్పిందేమో చూడాలి.

విప్పడం పెద్ద పని కాదు. ఎమర్జెన్సీ స్టాప్ క్లిప్పు తీసేయండి, ప్లగ్గు క్యాపులు ఊడదీయండి. క్యాపులు ఊరికే వేలాడుతుండగా మాత్రం తాడు లాగకండి, ప్లగ్గులకు కరెంటు పంపే సీడీఐ యూనిట్ దెబ్బతినే ప్రమాదం ఉంది. తిప్పి చూడాల్సి వస్తే వాటిని ఇంజను బాడీకి ఎర్త్ చేయాలి. గేరు నుంచి వచ్చే స్టార్టర్ లాక్ కేబుల్‌ను విడదీయాలి. హౌసింగ్‌ను సాధారణంగా మూడు 6 ఎంఎం బోల్టులు పట్టి ఉంచుతాయి, వాటికి 10 ఎంఎం స్పానర్ సరిపోతుంది. ఉప్పుగాలికి అల్యూమినియంలో ఇనుప బోల్టు పట్టేసి ఉంటుంది. పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి ఒక పూట వదిలేయండి. ముందు కొద్దిగా బిగించి, తర్వాత విప్పితే తల తెగకుండా వస్తుంది. ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. స్ప్రింగు ఏ వైపు చుట్టుకుని ఉంది, రాచెట్ ఏ వైపు తిరిగి ఉంది అనేవే తర్వాత తికమక పెడతాయి.

ఇక స్ప్రింగు. ఇక్కడ తొందర పనికిరాదు. కళ్లకు అద్దాలు, చేతులకు మందపాటి గ్లోవ్స్ లేకుండా మొదలుపెట్టొద్దు. తాడు ఇంకా తెగకుండా ఉంటే కొంచెం బయటికి లాగి, డ్రమ్ము అంచున ఉండే గాడిలో తాడును ఇరికించి, డ్రమ్మును బొటనవేలితో ఆపుతూ ఒక్కో చుట్టూ వెనక్కి వదలండి. బిగువంతా పోయాకే రాచెట్ క్లిప్పు, మధ్య బోల్టు తీయాలి. డ్రమ్మును నిలువుగా లాగకండి. అటూ ఇటూ కొద్దిగా ఆడించి, స్ప్రింగు లోపలి కొక్కెం డ్రమ్ము నుంచి విడిపోయిందని చేతికి తెలిశాక, సన్నటి స్క్రూడ్రైవర్‌తో స్ప్రింగును హౌసింగ్‌లోనే అదిమి ఉంచి మెల్లగా ఎత్తాలి. స్ప్రింగు బాగుంటే దాన్ని బయటికి తీయనే వద్దు. అక్కడే కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, నీటిని తట్టుకునే మెరైన్ గ్రీజు పలచగా పూస్తే చాలు.

స్ప్రింగు ఎక్కువగా కొక్కెం దగ్గరే విరుగుతుంది. ఆ కొసను మంటలో ఎర్రగా కాల్చి, మెల్లగా చల్లారనిచ్చి, కొత్త కొక్కెం వంచే పద్ధతి మెకానిక్కులకు తెలిసిందే. కాల్చేది ఒకటి రెండు సెంటీమీటర్లకు మించకూడదు, మించితే ఆ మేర గట్టిదనం పోతుంది. పైగా ఆ కొక్కెం మెత్తగా ఉంటుంది కాబట్టి కొన్నాళ్లకు మళ్లీ విచ్చుకుంటుంది. కొత్త స్ప్రింగు దొరికేదాకా గడుపుకోవడానికే అది. కొత్త స్ప్రింగు తీగతోనో రింగుతోనో కట్టేసి వస్తుంది. బయటి కొక్కేన్ని హౌసింగ్‌లో దాని చోట తగిలించి, చుట్టంతా లోపల కూర్చున్నాకే ఆ కట్టు తీయాలి.

ఇప్పుడు తాడు. అల్లిక నైలాన్ తాడు కావాలి, పురి తాడు కాదు. మందం చాలా ఇంజన్లకు 5 ఎంఎం దగ్గర ఉంటుంది. పాత తాడు మందమే మీ కొలత. సన్న తాడు డ్రమ్ము అంచు సందులో దూరి ఇరుక్కుంటుంది, లావు తాడు గాడిలో పట్టదు. పాత తాడు ముక్కలన్నీ ఉంటే కలిపి కొలవండి. లేకపోతే లెక్క ఇలా వేయాలి.

తాడు లేకుండా డ్రమ్మును స్ప్రింగుకు తగిలించి, మధ్య బోల్టు బిగించి, లాగే వైపు చేత్తో తిప్పుతూ స్ప్రింగు పూర్తిగా బిగిసే దాకా చుట్లు లెక్కపెట్టండి. చివర్లో బలవంతం చేయకండి, బిగువు ఒక్కసారిగా పెరిగిందంటే అదే హద్దు. 8 చుట్లు వచ్చాయనుకుందాం. ఇందులో అర చుట్టు నుంచి ఒక చుట్టు దాకా ఎప్పటికీ వాడకుండా మిగలాలి. తాడు లోపల ఉన్నప్పుడు హ్యాండిల్‌ను బిగించి పట్టుకోవడానికి 2 నుంచి 3 చుట్ల బిగువు ఉండాలి. అర చుట్టు, 3 చుట్లు తీసేస్తే మిగిలినవి నాలుగున్నర చుట్లు. తాడు చుట్టుకునే చోట డ్రమ్ము వ్యాసం 12 సెంటీమీటర్లయితే ఒక చుట్టుకు సుమారు 38 సెంటీమీటర్లు పడుతుంది. నాలుగున్నర చుట్లకు 170. రెండు ముళ్లకూ, గైడు నుంచి హ్యాండిల్ దాకా ఉండే దూరానికీ ఒక 15 కలిపితే 185 సెంటీమీటర్లు. ఇవి ఉదాహరణకు చెప్పిన అంకెలు, మీ డ్రమ్మును మీరే కొలవాలి. తాడు ఎక్కువైతే లాగినప్పుడు ఆఖరి దెబ్బ స్ప్రింగు కొక్కెం మీద పడుతుంది. మంచి స్ప్రింగులు విరిగేది అందుకే. తక్కువైతే ఫ్లైవీల్‌కు చాలినంత తిరుగుడు రాదు, ఇంజను అందుకోదు.

ఎక్కించడానికి రెండు పద్ధతులున్నాయి. తాడును ముందే డ్రమ్ముకు చుట్టి, అంచు గాడిలో ఇరికించి మూడు చుట్లు తిప్పేది ఒకటి. నాకు రెండోదే నచ్చుతుంది, దానిలో లెక్క తప్పదు. స్ప్రింగును పూర్తిగా బిగించి, అర చుట్టు నుంచి ఒక చుట్టు లోపు వెనక్కి వదిలి, డ్రమ్ములోని తాడు రంధ్రం హౌసింగ్ గైడు రంధ్రానికి ఎదురుగా రాగానే గ్రిప్ ప్లయర్‌తో డ్రమ్మును కదలకుండా పట్టించండి. కొసలు రెండూ మంటలో కాల్చి నున్నగా చేసిన తాడును గైడు గుండా దూర్చి, డ్రమ్ము దగ్గర ఎనిమిది అంకె ముడి వేసి బిగించండి. బయటి కొసకు హ్యాండిల్ వేసి ముడి కట్టాక, తాడును చేత్తో పట్టుకుని ఉండగానే ప్లయర్ తీయండి. స్ప్రింగు తనే తాడును లోపలికి చుట్టుకుంటుంది. చెయ్యి వదలకుండా నెమ్మదిగా పంపాలి. తర్వాత తాడు మొత్తం బయటికి లాగి, డ్రమ్మును చేత్తో ఇంకొంచెం తిప్పి చూడండి. కనీసం అర చుట్టు తిరగాలి. తిరగకపోతే ఒక చుట్టు బిగువు తగ్గించాలి. ఈ పరీక్ష బల్ల మీదే అవ్వాలి, ఇంజను మీద కాదు.

గైడు రంధ్రంలో వేలు పెట్టి తడమండి. గాడి పడి ఉంటే కొత్త తాడునూ అదే కోసేస్తుంది. మార్చండి, లేదా సన్న ఎమరీ పేపర్‌తో నున్నగా రుద్దండి. రాచెట్ ఇరుసుకు ఒక చుక్క పలచటి నూనె చాలు. అక్కడ గ్రీజు దట్టిస్తే ఇసుక, ఉప్పు పట్టుకుని మళ్లీ బిగుసుకుంటుంది. బోల్టు మరలకు మాత్రం మెరైన్ గ్రీజు పూసి బిగించండి. అల్యూమినియం మరలు కాబట్టి 8 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపడం మేలు.

లాక్ కేబుల్ సంగతి విడిగా చెప్పాలి. సర్దడం చిరాకని దాన్ని తీసి పక్కన పడేసిన ఇంజన్లు ఒడ్డున చాలానే ఉంటాయి. ఇది మాత్రం చేయకండి. గేరులో ఉండగా ఇంజను అందుకుంటే పడవ ఒక్కసారిగా ముందుకు దూకుతుంది, నిలబడి తాడు లాగుతున్న మనిషి నీళ్లలో పడతాడు, ప్రొపెల్లర్ అక్కడే తిరుగుతుంటుంది. న్యూట్రల్‌లో డ్రమ్ము స్వేచ్ఛగా తిరగాలి, ముందుకు వేసినా వెనక్కి వేసినా ఆగిపోవాలి. మూడు స్థానాల్లోనూ చూశాకే పై మూత వేయండి.

ఇంత చేసినా తాడు మళ్లీ త్వరగా పోతోందంటే కారణం స్టార్టర్ బయట ఉంటుంది. కిరోసిన్‌తో నడిచే ఇంజన్లు పెట్రోలు మీద స్టార్ట్ అయ్యి, వేడెక్కాక కిరోసిన్‌కు మారతాయి. ఒడ్డుకు వచ్చే ముందు తిరిగి పెట్రోలుకు మార్చి కాసేపు నడపకుండా ఆపేస్తే కార్బురేటర్‌లో కిరోసిన్ నిలిచిపోతుంది. మర్నాడు చల్లటి ఇంజను మీద ఎన్నిసార్లు లాగినా అది అందుకోదు, ఆ లాగుళ్లన్నీ తాడు మీదా స్ప్రింగు మీదా పడతాయి. లాగే తీరు కూడా ముఖ్యమే. రాచెట్ పట్టుకునేదాకా నెమ్మదిగా లాగి, అప్పుడు గట్టిగా ఒక్క ఊపు ఇవ్వాలి. హ్యాండిల్‌ను గాలిలో వదిలేయకుండా చేత్తోనే వెనక్కి పంపాలి.

సామాన్ల విషయానికొస్తే, ఔట్‌బోర్డు స్పేర్లకు కాసిమేడు హార్బర్ చుట్టుపక్కల దుకాణాలే ముందు చూడాలి. బోల్టులు, క్లిప్పులు, బుష్‌లు చెన్నైలోనే జనరల్ ప్యాటర్స్ రోడ్డులో, పుదుపేటలో వెతకొచ్చు. ఎవిన్‌రూడ్ ఇంజన్ల తయారీ 2020లోనే ఆగిపోయింది. అలాంటివాటికి పార్ట్ నంబరు రాసుకుని, పాత స్ప్రింగును కూడా వెంట తీసుకెళ్లండి. పట్టీ వెడల్పు, మందం, కొక్కెం వంపు, చుట్టిన దిక్కు, ఈ నాలుగూ సరిపోతేనే కొనండి.

2015 డిసెంబరు వరదల్లోనూ, 2023 మిచాంగ్ తుఫానులోనూ చెన్నై వీధుల్లోకి జాలర్ల పడవలే వచ్చి జనాన్ని బయటికి చేర్చాయి. అలాంటప్పుడు స్టార్టర్ పోతే విప్పి కూర్చునే సమయం ఉండదు. అందుకు పడవలో మీటరున్నర అల్లిక తాడు, ఒక కొసకు ముడి, ఇంకో కొసకు చిన్న కర్ర ముక్క కట్టి ఉంచాలి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హౌసింగ్ తీసి, ఫ్లైవీల్ మీది గాడిలో ముడి ఇరికించి, గడియారం ముల్లు తిరిగే వైపు తాడు చుట్టి లాగాలి. హౌసింగ్ తీస్తే లాక్ కూడా పనిచేయదు కాబట్టి న్యూట్రల్‌ను రెండుసార్లు చూసుకోండి. తాడును చేతికి చుట్టుకోవద్దు. వెనక ఎవరూ నిలబడకూడదు. ఇంజను అందుకున్నాక తిరిగే ఫ్లైవీల్ బయటే ఉంటుంది. లుంగీ, కండువా, వల కొసలు దూరంగా ఉంచండి, ఇంజను ఆపేదాకా హౌసింగ్ మళ్లీ పెట్టే ప్రయత్నం చేయకండి. ఆ తాడుతోపాటు 10 ఎంఎం స్పానర్, ఒక నోస్ ప్లయర్, రెండు రాచెట్ క్లిప్పులు, ఒక రాచెట్ స్ప్రింగు మూత గట్టిగా పట్టే డబ్బాలో వేసి పడవలోనే ఉంచితే సరిపోతుంది.