పిస్టల్ మీద శ్రీ

"పిస్టల్ ఎంతకు కొన్నావ్?"

"ఆరు వందల నలభై డాలర్లు."

"ఇప్పుడు అమ్మితే షాపువాడు ఎంత ఇస్తానన్నాడు?"

"రెండొందల పది."

నాన్న కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. "మిర్చి యార్డులో నలభై ఏళ్లు కమీషన్ వ్యాపారం చేసినవాడి కొడుకువి. రేటు నెత్తికెక్కినప్పుడు కొంటావట్రా?" అన్నారు. గుంటూరు వచ్చిన మూడో రోజు అది. ఆయన ముందు జవాబు చెప్పలేకపోయాను కాబట్టి ఇక్కడ చెప్పుకుంటున్నాను.

నాది డాలస్ దగ్గర గ్యాస్ స్టేషన్‌లో నైట్ డ్యూటీ. అక్క పెట్టిన కాగితాల మీద గ్రీన్‌కార్డు వచ్చింది కాబట్టి తుపాకీ కొనే వీలుంది, వీసా మీదున్న మన పిల్లలకు మామూలుగా ఉండదు. 2020 వేసవిలో మా పక్క స్టోరులో మనవాడి తలకు తుపాకీ పెట్టి గల్లా ఊడ్చుకుపోయారు. మర్నాడే షాపుకెళ్లాను. నాలాంటివాళ్లే బారులు తీరి ఉన్నారు. తుపాకుల కోసం జరిగే నేర చరిత్ర తనిఖీలు ఆ ఏడాది దేశం మొత్తం మీద 4 కోట్లకు దగ్గరయ్యాయి. 9 ఎంఎం పిస్టళ్లు ఒక్కటీ లేవు, గుండు కాస్త లావుండే ఫార్టీ కాలిబర్‌వి మాత్రం ఉన్నాయి. "ఇది ఇంకా పవర్‌ఫుల్" అన్నాడు కౌంటర్ కుర్రాడు. అంత రద్దీలో అదొక్కటే ఎందుకు మిగిలిందో అడగాలని తట్టలేదు. అందరూ వదిలేసిన లాట్‌లో ఏదో ఉందని నాన్న దగ్గరి గుమాస్తా కూడా చెబుతాడు.

తర్వాత తెలిసింది. 1990లో వచ్చిన ఆ ఫార్టీని ఒకప్పుడు ఎఫ్‌బీఐ నెత్తిన పెట్టుకుంది, పోలీసులంతా దాని వెనకే వెళ్లారు. తర్వాత 9 ఎంఎం గుళ్లు మెరుగయ్యాయి, పేల్చినప్పుడు చేతికి తన్నుడూ తక్కువ, ఖర్చూ తక్కువ. ఎఫ్‌బీఐ మళ్లీ అటే మళ్లింది. పోలీసులు మార్చుకున్న పాత ఫార్టీలు కుప్పలుగా షాపులకొచ్చాయి. వాటి పక్కన నా పిస్టల్‌ని చూసేదెవరు?

దానికి తోడు నా నిర్వాకం ఒకటుంది. ఆ దసరాకి ఆయుధపూజలో పసుపు కుంకుమ పెట్టాక ఊరుకోలేక, పైభాగం మీద లేజర్‌తో 'శ్రీ' చెక్కించాను. అమ్మబోతే షాపు పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, దాన్ని వేలితో తడిమి, "ఈ ముగ్గేమిటి?" అన్నాడు. చెప్పాను. మర్యాదగా విని యాభై తగ్గించాడు. అదనంగా కొన్న పిస్టల్ లైటుకూ, గుళ్లు నింపే మ్యాగజీన్లకూ పైసా విలువ కట్టలేదు.

ఇక్కడ ఇండియాలోనేమో బాబాయి దగ్గర తాతగారి నాటి ఇంగ్లీషు డబుల్ బ్యారెల్ తుపాకీ ఉంది. ఎన్నికలొస్తే పోలీస్ స్టేషన్‌లో అప్పగించడం, అయ్యాక తెచ్చుకోవడం. పేలి ఎన్నేళ్లయిందో. అయినా అడిగేవాళ్లున్నారు. 1980లలో దిగుమతులు ఆపేశారు కాబట్టి లైసెన్సున్నవాళ్లకు పాత విదేశీ సరుకంటే మోజు. అమెరికాలో అడుగడుగునా కొత్తది దొరికేచోట పాతదాన్ని ఎవడు అడుగుతాడు? ఈ తేడా చెబితే నాన్న, "అయితే బాబాయి తెలివైనవాడన్నమాట" అన్నారు. బాబాయి కొన్నాడా ఏంటి!

నేను లాభానికి కొనలేదు. డ్యూటీలోకి తేనివ్వరు, కార్లోనే ఉండేది. తెల్లవారుజామున చీకటి పార్కింగ్‌లో కారు దాకా నడిచేటప్పుడు ఉన్న ధైర్యానికి రేటెంత? ఈ మాట నాన్నతో అనలేదు. అంటే అమ్మ వింటుంది, ఇక నన్ను విమానం ఎక్కనివ్వదు.

నిజానికి షాపు పెద్దాయన మంచివాడు. "రెండొందల పదికి నాకమ్మి నష్టపోకు. ఇక్కడే పెట్టి వెళ్లు, ఎవరైనా కొంటే పదిహేను శాతం నాది" అన్నాడు. అది విన్నాక నాన్న మొహం మొదటిసారి విచ్చుకుంది.

"కమీషనా? మనవాడేరా!"

ఇప్పుడు రోజూ పొద్దున్నే యార్డు రేట్లు కనుక్కున్నాక నా వైపు తిరుగుతారు. "నీ సరుకు ఎవరైనా అడిగారా?"